వేపతొర్రలో అడవి పిచ్చుక

రాయి ఎగిరిపోదు. నేను ఇన్నేళ్లు యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పుకుని పరువుగా బతకడానికి అసలు కారణం అదే. రాయిని చేతిలోకి తీసుకోవచ్చు, తిప్పి చూడొచ్చు, సుత్తితో కొట్టొచ్చు. అప్పటికీ అదేమిటో తెలియకపోతే ల్యాబులో అరలో పడేసి వచ్చే ఏడాది చూడొచ్చు. అలాంటి నేను రిటైర్మెంటు దగ్గర పడ్డాక పిట్టల వెంట పడ్డాను. తప్పు నాది కాదు, డాక్టరుది. షుగర్ ఎక్కువుంది, రోజూ నడవమన్నాడు. ఊరికే నడవడం నాకు చేతకాదు, పది అడుగులు వేస్తే విసుగొస్తుంది. తార్నాకలో మా ఇంటికి క్యాంపస్ గేటు దగ్గరే. పొద్దున్నే అటు వెళితే, మెడలో బైనాక్యులర్లు వేలాడేసుకుని తిరిగే ఒక గుంపు ఆదివారాలు కనబడేది. వాళ్లు నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ. ఈ వ్యాయామమైతే నాకు సరిపోతుంది అనుకుని అందులో చేరిపోయాను.

ఆ గుంపుకు పెద్దదిక్కు జువాలజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక ప్రొఫెసర్. విద్యానగర్ నుంచి పాత స్కూటర్ మీద వస్తారు. మేమంతా పెద్దసారు అంటాం. ఆయన పిట్ట కనబడకముందే దాని పేరు చెప్పేస్తారు, తర్వాత అది కనబడి ఆయన మాట నిలబెడుతుంది. నాకు మాత్రం పిట్టలన్నీ మట్టిరంగే. నేను బైనాక్యులర్ ఎత్తి, కొమ్మ వెతుక్కుని, మసక పోయేలా సరిచేసుకునేసరికి అక్కడ కొమ్మ మాత్రమే మిగిలేది. ఆ గుంపులో నా హోదా ఏమిటంటే, టిఫిన్ డబ్బా తెచ్చే మేడం.

ఒక ఆదివారం పెద్దసారు అడవి పిచ్చుక గురించి చెప్పారు. మన ఇళ్లలో తిరిగే ఊరపిచ్చుకకు ఇది దాయాది. కానీ మనుషుల పొత్తు దీనికి అంతగా అక్కర్లేదు. ఎండాకాలం ఆకు రాల్చే అడవుల్లో, తోపుల్లో ఉంటుంది. గింజలు తింటుంది, పురుగులు తింటుంది. మోదుగ, ఇప్ప పూసినప్పుడు పూలలో తేనె తాగి మొహమంతా పుప్పొడి పూసుకుని తిరుగుతుంది. గూడు పెట్టేది చెట్టు తొర్రలోనే. ఆ తొర్ర కూడా సొంతంగా తొలుచుకోదు, వడ్రంగిపిట్ట ఖాళీ చేసిన ఇంట్లో దిగుతుంది. ఒకప్పుడు మా క్యాంపస్ తుమ్మపొదల్లో ఎప్పుడైనా కనబడేదట. ఇక్కడ గూడు పెట్టగా మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదట.

"మగదానికి గొంతు మీద నిమ్మపండు రంగు చుక్క ఉంటది. అందరు అదే చూస్తరు, అక్కడనే మోసపోతరు," అన్నారు. "ముందుగాల ముక్కు చూడండి, సన్నగ ఉంటది. తర్వాత భుజం, చింతగింజ రంగు. ఆ తర్వాత రెక్క మీద తెల్ల గీతలు. గొంతు ఆఖరుకు చూడండి."

నేను బుద్ధిగా తలాడించాను. ఇంటికి చేరేసరికి నా బుర్రలో మిగిలింది గొంతు ఒక్కటే.

మేముండేది ఒక పాత బిల్డింగులో పైవాటా. మా ఆయన, నేను, మా అత్తమ్మ. కింద కిరాణా కొట్టు ఉండబట్టి మా వీధిలో ఇంకా కొన్ని ఊరపిచ్చుకలు మిగిలాయి. డాబా మీద నీళ్ల ట్యాంకు నీడన వాటికోసం ఒక మట్టిమూకుడు పెట్టాను. మార్చిలో ఒక శనివారం పొద్దున బట్టలు ఆరేయడానికి పైకి వెళితే పిట్టగోడ మీద ఒక పిచ్చుక కూర్చుని ఉంది. బూడిదరంగు ఒళ్లు. ఊరపిచ్చుక పోతుకుండే నల్లమచ్చ మెడ కింద లేదు. గొంతు మీద మాత్రం, నిక్షేపంగా, నిమ్మపండు రంగు చుక్క.

ముక్కు చూశానా? లేదు. భుజం? లేదు. రెక్క? ఆ ఊసే లేదు. తడిబట్టల బకెట్ కాలితో తన్నేసి, ఫోన్ తీసి ఒక్క ఫోటో కొట్టి, మా ఆదివారం గుంపు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "తార్నాకలో అడవి పిచ్చుక, మా డాబా మీద!" చివర ఆశ్చర్యార్థకాలు ఎన్ని పెట్టానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. ఫోటోలో పిచ్చుక అలికినట్టుంది, గొంతు రంగు ఒక్కటే తెలుస్తోంది. అదే నాకు గొప్ప సాక్ష్యంగా అనిపించింది.

మర్నాడు ఆదివారం గుంపు గుంపంతా మా డాబా మీదికి దిగింది. నేను పట్టుచీర కట్టలేదు కానీ, కట్టినంత పని చేశాను. ఉప్మా చేశాను, కుర్చీలు వేయించాను, అడవి పిచ్చుక గురించి చిన్న ఉపన్యాసం కూడా మొదలుపెట్టాను. పెద్దసారు ఎదురుగా ఆయన చెప్పిన పాఠమే ఆయనకు చెబుతున్నాను. ఇంతలో ట్యాంకు చాటు నుంచి నా పిచ్చుక వచ్చి గోడ మీద వాలింది. అందరూ బైనాక్యులర్లు ఎత్తారు. దాని పక్కన ఇంకో పిచ్చుక వాలింది. దీనికి మెడ కింద నల్లమచ్చ దర్జాగా ఉంది, బుగ్గలు మాత్రం నిమ్మపండు రంగు. ఆ తర్వాత ఒక పావురం వచ్చింది. దాని రొమ్మంతా అదే రంగు.

"మేడం, ఇది గూడ అడవి పావురమేనా?" అన్నారు పెద్దసారు, ఎంతో మర్యాదగా.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ చాయ్ పళ్లెం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. పిట్టల్ని చూసి తనే మొదలుపెట్టింది. "లాలాపేట్ల మా చెల్లె మనవరాలి పెండ్లి గదా సారూ. తలంబ్రాల బియ్యం నేనే కలిపిన. తాంబాళం కడిగిన పసుపునీళ్లు తొక్కేకాడ పొయ్యొద్దాయె. మోరిల పోస్తనా? గీ పిట్టల మూకుట్ల పోసిన. ఎవ్వరు తొక్కరు." ఆపైన గోడ మీది వరుసను ఇంకోసారి చూసి, "పేరంటానికి వొచ్చినట్టే ఉన్నయి," అంది మురిసిపోతూ.

వాళ్లు నవ్విన నవ్వుకు పావురం ఎగిరిపోయింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఉప్మా తేవడానికి కిందికి వెళ్లి, గిన్నెతో మళ్లీ పైకి వచ్చాను. ఆ పూట నుంచి గ్రూపులో నా పేరు పసుపు మేడం. కొత్తగా చేరినవాళ్లకు ముందు నా కథ చెప్పి, తర్వాత పిట్టలు చూపించేవారు.

నేను ఆదివారాలు మానేశాను. డాక్టరు కోసం ఒక్కదాన్నే నడిచేదాన్ని, అదీ మనుషులు తక్కువ తిరిగే వైపు. మా డిపార్ట్‌మెంటు వెనక, అడిక్‌మెట్ వైపు గోడ దగ్గర, తెగులు తగిలి నిలువునా ఎండిపోయిన ఒక వేపచెట్టు ఉంది. దాని పక్కన మంచి గ్రానైటు బండ. నేను రోజూ వెళ్లి కూర్చున్నది బండ కోసమే, చెట్టు కోసం కాదు. బండ నన్ను పసుపు మేడం అనదు కదా.

ఏప్రిల్‌లో ఒక రోజు అలా కూర్చుని ఉంటే నోట్లో పొడుగాటి వెంట్రుకల చుట్టతో ఒక పిట్ట వచ్చి వేపతొర్రలోకి దూరింది. లేడీస్ హాస్టల్ పిల్లలు దువ్వుకుని పారేసిన జుట్టు అయ్యుండాలి. పై కొమ్మ మీద ఇంకొకటి తోక ఆడిస్తూ అరుస్తోంది. ఊరపిచ్చుక అరుపే, కానీ కాస్త సంగీతం నేర్చుకున్నట్టు మెత్తగా ఉంది. అది మెడ ఎత్తింది. గొంతు మీద నిమ్మపండు రంగు చుక్క.

ముందు నేను చేసిన పనేమిటంటే, అత్తమ్మ ఇక్కడ కూడా ఏమైనా పోసిందేమోనని చుట్టూ చూశాను. నిజంగా చూశాను. తర్వాత పుప్పొడేమో అనుకున్నాను. ఆ తర్వాత రెండు చెంపలూ వాయించుకున్నంత పని చేసి, బైనాక్యులర్ తీసి, బడిపిల్లలా వరుసగా మొదలుపెట్టాను. ముక్కు, సన్నగా నల్లగా ఉంది. భుజం, చింతగింజ రంగు. రెక్క మీద తెల్ల గీతలు రెండు. ఆఖరుకు గొంతు. మళ్లీ ముక్కు దగ్గర నుంచి చూసుకొచ్చాను. అది ఎగిరిపోలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లిరోజు కూడా నాకు ఇంత సంతోషం కలగలేదు. ఈ ముక్క మా ఆయన చదవకపోతే బాగుండును.

అప్పటి నుంచి రోజూ అక్కడే నా కొలువు. గూడు కట్టే పనంతా ఆడదే చేసింది. మగవాడు పై కొమ్మ మీద కూర్చుని పాడుతూ పర్యవేక్షించాడు. మా డిపార్ట్‌మెంటులో కూడా ఇలాంటివాళ్లు నాకు తెలుసు. తర్వాత ఆడది తొర్రలోంచి బయటికి రావడం బాగా తగ్గిపోయింది, గుడ్లు పెట్టిందని నాకు అర్థమైంది. గ్రూపులో ఒక్క ముక్క రాయలేదు. ఫోటో తీసి చూసుకుంటే మళ్లీ అదే అలుకుడు, అదే చుక్క. దాన్ని పంపడమంటే నా కథకు రెండో భాగం నేనే రాసివ్వడం.

అలా ఉండగా ఒక రోజు వేప మొదట్లో ఎర్రరంగుతో పెద్ద గుర్తు వేసి ఉంది. వానలు రాకముందే ఎండిన చెట్లు కొట్టేస్తారట, గుర్తు పెట్టినవన్నీ ఆ లెక్కలోవే. నేరుగా ఇంజనీరింగ్ సెక్షన్‌కు వెళ్లాను. అక్కడ ఉన్నాయన కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు, నేను చెప్పిందంతా విన్నాడు.

"ఎండిన చెట్టు మేడం. ఎవరి నెత్తి మీదనన్న పడ్డదనుకోండి, మీ పిట్ట వొచ్చి జవాబు చెప్తదా?" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆ చెట్టు వాలింది గోడవైపు, ఆ పక్కకు నేను తప్ప ఎవరూ రారు, ఒక్క నెల ఆగితే పిల్లలు ఎగిరిపోతాయి, అప్పుడు నేనే దగ్గరుండి కొట్టిస్తాను అన్నాను. ఆయన, "మీ జువాలజీ పెద్దసారుతోని మా సార్‌కు ఒక మాట చెప్పియ్యండి. ఆయన చెప్తె ఆపుతరు. లేకుంటె శుక్రవారం కొట్టుడే," అన్నాడు.

పెద్దసారుకు ఫోన్ చేశాను. ఆయన నవ్వకుండా విన్నారు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. మర్నాడు పొద్దున స్కూటర్ మీద వచ్చారు. ఇద్దరం బండ మీద కూర్చున్నాం. ఆడది లోపల గుడ్ల మీద ఉన్నట్టుంది, కిక్కురుమనలేదు. నిమిషానికొకసారి గొంతు చించుకునే మగవాడు ఆ పూట పత్తా లేడు. ఎండ ముదిరింది. చివరికి పక్క చీలికలోంచి ఒక ఉడుత తల బయటపెట్టి మమ్మల్నిద్దర్నీ తీరిగ్గా చూసింది.

"మేడం, బాధపడొద్దు," అన్నారు ఆయన లేస్తూ. "చూడనిది చూసిన అని నేను చెప్పలేను. మీరు రాళ్లల్ల మస్తు హుషారు. రాళ్లు చూస్కోండి."

ఆయన స్కూటర్ మలుపు తిరిగిందో లేదో, మగవాడు వచ్చి పై కొమ్మ మీద వాలి పాట ఎత్తుకున్నాడు. నేను పళ్లు కొరికాను. ఇంటికొచ్చి ఏడ్చాను కూడా. ఏ మొహం పెట్టుకుని నమ్మమని అడుగుతాను? నా నోటి మాటకు ఉన్న విలువంతా ఆ మూకుట్లో కలిసిపోయింది.

శుక్రవారం పొద్దు పొడవకముందే లేచి వంటింట్లో పసుపు డబ్బా తీసుకున్నాను. ఆ ఆలోచన ఎప్పుడు వచ్చిందో చెప్పలేను. ముప్పై బ్యాచ్‌లకు బండరాయి దేవుడు కాదు, కరిగి చల్లారిన పదార్థం అని చెప్పిన మనిషిని నేను. చప్పుడు కాకుండా చెప్పులు వేసుకుంటుంటే అత్తమ్మ చూసింది.

"పొద్దుగాల్నే పసుపు డబ్బ వట్టుకొని ఎటు వోతున్నవ్?"

"డిపార్ట్‌మెంటులో పూజ అత్తమ్మా."

"మీ డిపార్ట్‌మెంట్ల పూజనా? ఎవరికి, రాళ్లకా?" అని లోపలికి వెళ్లింది. అయిపోయింది, దొరికిపోయాను అనుకున్నాను. ఆవిడ కుంకుమ భరిణె తెచ్చి చేతిలో పెట్టింది. "ఉత్త పసుపు పెడ్తె ఎట్ల? బొట్టు గూడ పెట్టు."

వేప దగ్గర ఎవరూ లేరు. బాటిల్ నీళ్లతో పసుపు కలిపి, ఎర్రగుర్తు మాయమయ్యేదాకా, నా చేయి అందినంత ఎత్తుకు మొద్దంతా పూశాను. మధ్యలో పెద్ద బొట్టు పెట్టాను. వెనక అడుగుల చప్పుడైతే ప్రాణాలు పోయినంత పనైంది. పొద్దున్నే నడిచే ఒక పెద్దాయన. ఆయన నన్ను చూడలేదు, చెట్టును చూశాడు. ఆగాడు, బూట్లు విడిచాడు, దండం పెట్టుకున్నాడు, మళ్లీ బూట్లు వేసుకుని నడక సాగించాడు. నేనూ బండ పక్కన నిలబడి దండం పెట్టాను, అనుమానం రాకుండా.

పదింటికి మేస్త్రీ, ముగ్గురు పనివాళ్లు, కోత మిషన్ ఆటోలో వచ్చారు. నేను డిపార్ట్‌మెంటు వరండాలోంచి చూస్తూ, పనేదో ఉన్నట్టు కిందికి దిగాను. వాళ్లు చెట్టుకు దూరంగా నిలబడిపోయారు.

"మేడం, గీడ అమ్మ ఎప్పటినుంచి ఉన్నది?" అని అడిగాడు మేస్త్రీ.

"నాకేం తెలుసయ్యా, నేను రాళ్ల డిపార్ట్‌మెంటు," అన్నాను.

"మావోళ్లు ముట్టమంటున్నరు. నేను గూడ ముట్ట," అని ఆఫీసుకు ఫోన్ చేసి ఆటో ఎక్కాడు. నేను వరండా ఎక్కి స్తంభం పట్టుకుని నిలబడ్డాను. హమ్మయ్య అనుకున్నాను.

పసుపు పూయడం తేలిక. తర్వాత జరిగేది మన చేతిలో ఉండదు. రెండు రోజుల్లో గాజులు వచ్చాయి, నిమ్మకాయలు వచ్చాయి, ఎర్ర రవికగుడ్డ వచ్చింది. మా క్యాంపస్ నిండా ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలే, చెట్టుకొకరు. వాళ్లకు తెలిసిపోయింది. చెట్టు మొదట్లో హాల్‌టికెట్ల జిరాక్సులు చేరాయి, గాలికి పోకుండా వాటి మీద నా ల్యాబు వెనక పారేసిన రాతిముక్కలు పెట్టారు. ఒకరెవరో అగరొత్తులు గుచ్చారు, పొగ సరిగ్గా తొర్రలోకి. పైగా అది ఎండిన చెట్టు. ఒక్క కొమ్మ విరిగి ఆ పిల్లల మీద పడితే? నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు చెట్టుకు బాగా దూరంగా చుట్టూ రాళ్లు పేర్చాను. అడిగినవాళ్లకు, "అమ్మకు మడి ఎక్కువట, రాళ్లు దాటి లోపలికి పోవద్దట, పొగ పడదట," అని చెప్పాను. ఎవరన్నారు అని ఒక్కరు కూడా అడగలేదు. పిట్ట గురించి నేను చెప్పిన నిజాలు ఎవరూ నమ్మలేదు. ఈ అబద్ధానికి మాత్రం చెప్పులు విడిచి మరీ తలూపారు.

పసుపు ఎండకు వెలిసిపోయినప్పుడు, మామిడి జల్లులకు కొట్టుకుపోయినప్పుడు, పొద్దున్నే నేనే వెళ్లి మళ్లీ పూసేదాన్ని. అలా నేను ఆ గుడికి పూజారినయ్యాను, భక్తురాలిని కాకుండానే. అత్తమ్మ మా డిపార్ట్‌మెంటు భక్తికి పొంగిపోయి కిలో పసుపుకొమ్ములు అదనంగా పట్టించింది.

తొర్రలో గుడ్లు పగిలాయి. ఇప్పుడు రెండూ ఆకుపురుగులు ముక్కున కరుచుకుని ఒకటే తిరుగుడు. మగవాడు పాట మానేసి పనిలో పడ్డాడు, నాకు అతని మీద గౌరవం పెరిగింది. లోపల నుంచి సన్నటి అరుపులు వినబడేవి. ఇంకొక్క వారం ఆగితే చాలు అనుకుంటున్నాను.

ఆ ఆదివారం పొద్దున పసుపు తిరగపూసి బండ మీద కూర్చున్నాను. మేస్త్రీ వచ్చాడు. ఆఫీసులో ఒత్తిడి ఎక్కువైందట. అతను నాకు గోడు చెప్పుకుంటుండగానే మలుపులో మా ఆదివారం గుంపు కనబడింది. పెద్దసారు ముందు నడుస్తున్నారు. చెట్టును చూడగానే ఆయన మొహం ఎర్రబడింది.

"యూనివర్సిటీల గిదేం పిచ్చి!" అన్నారు. "ఎవడో కావాలని పూసిండు. నిన్నమొన్న లేదు ఇది."

"గదే సార్ నేను గూడ అడిగేది," అన్నాడు మేస్త్రీ. "ఎవరన్న ఉత్తగ పూసిండ్రని తెలిస్తె గిప్పుడే కోస్త. మిషన్ ఆటోలనే ఉన్నది."

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అప్పుడు తొర్రలో ఏదో కదిలింది. పిల్లలకు మేత పెట్టి బయటికి రాబోతూ మగవాడు తల బయటపెట్టాడు. తల, గొంతు, అంతే. కింద నుంచి పైదాకా పసుపు పూసిన మొద్దు, దాని పైన తొర్ర, తొర్రలో నిమ్మపండు రంగు గొంతు. పెద్దసారు బైనాక్యులర్ ఎత్తారు. ఆయన చూశారు, దించారు. నా వైపు తిరిగి, కోపం కూడా మరిచిపోయి, చాలా దయగా నవ్వారు.

"మేడం, మళ్లా పసుపేనా?"

గుంపు గొల్లుమంది. మేస్త్రీకి అర్థం కాకపోయినా తనూ నవ్వాడు.

ఒక్క నిమిషం ఆగండి సార్ అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్క నిమిషం ఆగితే అది బయటికొస్తుంది. ముక్కు కనబడుతుంది, భుజం కనబడుతుంది, రెక్క కనబడుతుంది. గొంతు ఆఖరుకు చూడమన్నది మీరే కదా, ముందే చూసి ఆగిపోయారేం అని అడగాలనిపించింది. జన్మలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నేను చెప్పింది నిజమై, ఆయన చెప్పింది తప్పైన రోజు అది. కానీ అది నిజమైన అడవి పిచ్చుక అని తేలితే, దానికోసం పసుపు పూసిందెవరో ఆయనకు ఆ క్షణమే తెలిసిపోతుంది. తెలిస్తే మనసులో ఉంచుకునే మనిషి కాదు, అందరి ముందూ అనేస్తారు. మిషన్ ఆటోలో ఉంది. తొర్రలో పిల్లలు ఆకలికి అరుస్తున్నాయి. ఆ అరుపు నాకు వినబడుతోంది, నవ్వుల్లో వాళ్లకు వినబడడం లేదు. నేను వెనక పిడికిలి బిగించాను.

"అవును సార్," అన్నాను. "పసుపే."

ఆయన తల పంకించి, మూఢనమ్మకాల మీద ఏదో అంటూ ముందుకు నడిచారు. గుంపు వెంట వెళ్లింది. వాళ్లు మలుపు తిరగగానే మగవాడు తొర్రలోంచి వచ్చి, అందరికీ కనబడేంత కింది కొమ్మ మీద, ఎండలో, భుజం ఇటు పెట్టి కూర్చున్నాడు. రెక్క విప్పి ముక్కుతో సర్దుకున్నాడు కూడా. నీకు సమయం సందర్భం లేదురా నాయనా అనుకున్నాను. మేస్త్రీ నోరు తెరిచి చూస్తున్నాడు.

"అబ్బ! మేడం, అమ్మ గీ పిట్టకు గూడ పసుపు పెట్టింది సూడుండ్రి," అని రెండు చేతులూ జోడించాడు. "మేం ముట్టం. ఆఫీసుల ఎవ్వరేమన్న అననీ."

"అవునయ్యా," అన్నాను అతనితో కూడా.

ఆ వారంలోనే పిల్లలు ఒకదాని వెనక ఒకటి తొర్ర అంచుకు వచ్చి, కాసేపు భయపడి, ఎగిరిపోయాయి. చూసింది నేనొక్కదాన్నే, బండ మీద కూర్చుని, ముక్కు ఎగబీల్చుకుంటూ. ఆ వెంటనే మేస్త్రీకి ఫోన్ చేసి అమ్మ సెలవిచ్చిందని చెప్పాను. చెట్టు కొట్టించి, హాల్‌టికెట్లు, గాజులు తెచ్చి బండ పక్కన పెట్టాను. ఇప్పుడు పసుపు బండకు పూస్తున్నారు. నేనెక్కడ కూర్చోవాలో తెలియడం లేదు.

కానీ ఆ ఆదివారం సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. పెద్దసారు ఎప్పటిలాగే ఆ రోజు చూసిన పిట్టల వివరాలు గ్రూపులో పెట్టారు. అన్నిటికన్నా కింద ఇలా ఉంది: "ఊరపిచ్చుక, పసుపు అంటినది, ఒకటి." దాని కింద నవ్వుమొహాల వరుస. ఆ తర్వాత ఆయనే మళ్లీ, "పసుపు మేడం, ఓకేనా?" అని అడిగారు. మా క్యాంపస్‌లో అడవి పిచ్చుక గూడు పెట్టిందనడానికి ఈ భూమ్మీద ఉన్న రాత అదొక్కటే. నేను చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. తర్వాత సరే అన్నట్టు బొటనవేలి బొమ్మ నొక్కాను. నొక్కిన నా బొటనవేలి గోటికింద పసుపు ఇంకా పోలేదు.